తేటనీళ్ల వాగు

తుమ్మల చెరువులో చేపలు చచ్చి తేలిన ఏడు, మెదక్‌లో ఎవరిని అడిగినా ఒక్కటే మాట చెప్పారు: నాలా వల్ల.

చెరువులోకి నీళ్లు వచ్చే దారులు రెండు. పట్నం ఇళ్ల వెనకగా వచ్చే నాలా ఒకటి. నల్లటి నీళ్లు, పైన నురుగు, దాటేటప్పుడు ముక్కు మూసుకోవాల్సిందే. రెండోది పడమటి పొలాల మీదుగా వచ్చే చింతలవాగు. అడుగున ఇసుక, ఆ ఇసుక మీద తిరిగే చిన్న చిన్న పీతలు కూడా కనిపించేంత తేట నీళ్లు. ఎండాకాలం పిల్లలు అందులో ఈదులాడతారు. ఈ రెండిట్లో చెరువును ఏది పాడు చేస్తోందో తేల్చడానికి పరీక్ష అవసరమని ఎవరికీ అనిపించలేదు. కానీ పైకి అర్జీ పెట్టాలంటే కాగితం ఉండాలి. అందుకని చెరువు కమిటీ చైర్మన్ అమరేందర్ ఊళ్లోని ఒక డిగ్రీ కాలేజీకి వచ్చి, కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంట్ రజనిని అడిగాడు.

"మీకాడ మిషన్ ఉన్నది కదమ్మా. జర రెండు దిక్కుల నీళ్లు పట్టి, ఎంత ఖరాబున్నదో రాసియ్యి. ఊరికి మేలు చేసినదానివైతవు."

రజనిది టేక్మాల్ దగ్గర ఒక పల్లె. ఐదేళ్లుగా ఆ ల్యాబ్‌లో సీసాలు కడుగుతూ, ద్రావణాలు కలుపుతూ, విద్యార్థుల చేత ప్రయోగాలు చేయిస్తూ ఉంది. నువ్వే చేయాలని ఎవరైనా వచ్చి ఆమెను ఒక పని అడగడం అదే మొదలు. సంతోషంగా ఒప్పుకుంది.

నాలా దగ్గర ఒక సీసా, వాగు దగ్గర ఒక సీసా పట్టింది. వాటిలో భాస్వరం ఎంత ఉందో చూసింది. చెరువులో పచ్చటి పాచిని పెంచేది భాస్వరమే. పాచి విపరీతంగా పెరిగి, చచ్చి కుళ్లితే నీళ్లలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. తెల్లవారేసరికి చేపలు ఊపిరాడక చచ్చి తేలతాయి. మందు కలిపితే భాస్వరం ఉన్న నీళ్లు నీలంగా మారతాయి. వాగు నీళ్లు కనీకనపడని నీలం అయ్యాయి. నాలా నీళ్లు సిరాలా అయ్యాయి. లీటరుకు నాలాలో నాలుగు మిల్లీగ్రాములు, వాగులో పాయింట్ మూడు. పదమూడు రెట్లు తేడా.

ఆ అంకెలు రాసి ఊరుకుంటే సరిపోయేది. రజని వాటి కింద ఒక వాక్యం కూడా రాసింది: "చెరువు కాలుష్యానికి ప్రధాన కారణం నాలా." ఆ వాక్యం రాయమని ఆమెను ఎవరూ అడగలేదు. రాసి, సంతకం పెట్టి, తన చేతిరాతను తనే కాసేపు చూసుకుంది.

నాలా ఒడ్డున ధోబీఘాట్ ఉండేది. పదకొండు బండలు, పదకొండు కుటుంబాలు. నాలాలోకి ఊరి బాత్‌రూంల నీళ్లన్నీ వస్తాయి, కానీ ఊరి బాత్‌రూంలను ఎవరూ తీసేయలేరు. పదకొండు బండలను తీసేయవచ్చు. అర్జీతో పాటు రజని కాగితం కూడా పైకి వెళ్లింది. నెల తిరక్కుండా జేసీబీ వచ్చి ఒక్క పూటలో బండలు పెకలించి లారీలో వేసుకుపోయింది.

ఆ బండల్లో ఒకటి ఆగమ్మది. ఆమె కొడుకు పరమేశ్ చేగుంట దగ్గర హైవే మీద ఒక లాడ్జిలో బట్టలుతికే పనికి కుదిరాడు, వారానికోసారి ఇంటికి వచ్చిపోతాడు. ఆగమ్మ బస్టాండు రోడ్డులో ఇస్త్రీ బండి పెట్టుకుంది. రజని కాలేజీకి వెళ్లేది ఆ బండి ముందునుంచే. మొదట్లో ఆగమ్మ "పోతున్నవా బిడ్డా" అనేది. ఆ కాగితం ఎవరు రాశారో తెలిశాక తల ఎత్తడం మానేసింది.

మరుసటి మార్చిలో చేపలు మళ్లీ చచ్చాయి.

చేపల సొసైటీ పెద్ద ఎల్లం ఒక తట్ట నిండా చచ్చిన రవ్వులు, బొచ్చెలు తెచ్చి ల్యాబ్ గుమ్మంలో దించాడు.

"పోయినేటి కంటె ఎక్కువనే సచ్చినయ్. బండలు పీకితె చెరువు సాఫైతదన్నరు. మరి ఇదేంది మేడం?"

"బండలు పీకుమని నేను రాయలేదన్నా."

"నువ్వేం రాసినవో నాకు తెల్వది. నీ కాగితం సూపెట్టే పీకిండ్రు."

అతను తట్ట ఎత్తుకుని వెళ్లిపోయాడు. గుమ్మంలో తడి మిగిలింది. రజని ఆ మధ్యాహ్నమే మళ్లీ నాలాకు, వాగుకు వెళ్లి నీళ్లు పట్టుకొచ్చింది. నాలాలో మూడు పాయింట్ నాలుగు. వాగులో అదే పాయింట్ మూడు. బట్టలుతకడం ఆగి ఏడాదైనా నాలా తగ్గింది పాయింట్ ఆరు మాత్రమే. మూడుసార్లు చేసి చూసింది. అంకెలు మారలేదు.

తప్పు ఎక్కడుందో తెలియక ఆ సాయంత్రం కృపాదానం ఇంటికి వెళ్లింది. ఆయన అదే కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. చర్చికి దగ్గర్లో చిన్న ఇల్లు. ఉద్యోగంలో చేరిన కొత్తలో త్రాసు పట్టడం రజనికి ఆయనే నేర్పాడు. ఆమె చెప్పిందంతా విని, కళ్లద్దాలు తుడుచుకుంటూ అడిగాడు.

"నాలాల నీళ్లెన్ని?"

"లీటరుకు మూడు పాయింట్ నాలుగు సార్."

"అది కాదమ్మా. నీళ్లెన్ని అంటున్న." ఆయన కాస్త ముందుకు వంగాడు. "ఒక గిలాసల చెంచెడు ఉప్పేస్తె నోట్ల పెట్టలేం. గుండిగ నిండ నీళ్లల్ల పది చెంచాలేస్తె అంత ఉప్పగుండది. దేంట్ల ఉప్పెక్కువున్నట్టు?"

"గుండిగల."

"నువ్వు నాలుక మీదేసుకొని చూసినవ్. గిలాసనా, గుండిగనా చూడలే."

రజనికి వెంటనే అర్థమైంది. లీటరులో ఎంత ఉందో చూసింది. ఎన్ని లీటర్లు వస్తున్నాయో కొలవనే లేదు. ఒక్కో లీటరులో ఎంతుందన్న దానితో చెరువుకు పనిలేదు. తన కడుపులోకి మొత్తం ఎంత దిగిందన్నదే దానికి లెక్క.

"కొలుస్త సార్. ఎట్ల కొలవాల్నో చెప్పుండ్రి."

నాలా కొలవడం తేలిక. చెరువులో పడేచోట దానికి పెద్ద సిమెంటు పైపు ఉంది. రజని అడిగితే వచ్చిన ఎల్లం పైపు కింద పదిహేను లీటర్ల బకెట్టు పట్టుకున్నాడు, రజని ఫోనులో సమయం చూసింది. రెండున్నర సెకన్లలో నిండింది. పదిసార్లు పట్టినా అటూ ఇటుగా అంతే. అంటే సెకనుకు ఆరు లీటర్లు.

వాగుకు బకెట్టు చాలదు. చెరువుకు కొంచెం ఎగువన, రోడ్డు కింద కల్వర్టు దగ్గర వాగు రెండు గోడల మధ్య నుంచి తిన్నగా పారుతుంది. అక్కడ గోడ మీద పది మీటర్ల దూరానికి రెండు సున్నపు గీతలు గీశారు. తాడుతో వెడల్పు, గీతలు పెట్టిన కట్టెతో లోతు కొలిచారు. తర్వాత కృపాదానం సంచిలోంచి ఒక బత్తాయి తీశాడు.

"చెక్కముక్కైతె గాలికి కొట్టుకపోతది. ఇదైతె మునుక్కుంట తేలుకుంట నీళ్ల ఎంబడే పోతది. పై గీత కాడ ఏస్తున్న. కింది గీత దాటంగనే చెప్పు."

బత్తాయి దాటిన సమయం నుంచి వేగం వచ్చింది. పైనీళ్లు అడుగు నీళ్లకంటే వేగంగా పోతాయి కాబట్టి అందులో ఐదో వంతు తగ్గించుకోమన్నాడు ఆయన. వెడల్పు, లోతు, వేగం గుణిస్తే సెకనుకు అరవై లీటర్లు. ఎగువన కాలువ పారకం ఉండడంతో ఎండాకాలంలోనూ అన్ని నీళ్లు వస్తున్నాయి.

రజని కల్వర్టు గోడ మీదే కూర్చుని గుణించింది. రోజుకు నాలా మోసే భాస్వరం ఒకటీముప్పావు కిలో. వాగు మోసేది ఒకటిన్నర కిలో. కంపు కొట్టే నాలా, పిల్లలు ఈదులాడే వాగు దాదాపు సమానం.

"ఇది ఎండకాలం సంగతి," అన్నాడు కృపాదానం. "వాగు అసలు పని చేసేది వానకాలం. వాన రానీ."

జూలై నెలాఖరు ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు పడమట మొగులు కమ్మింది. రజని కల్వర్టు దగ్గరికి చేరేసరికి కృపాదానం చర్చి నుంచి నేరుగా వచ్చి ఉన్నాడు, తెల్లచొక్కా, చేతిలో గొడుగు.

"ప్రార్థన అయిపోయిందా సార్?"

"అయిపోలే. దేవుడు ఏమనుకోడు. వాన ఆగది."

ఎల్లం తన నడుముకు తాడు కట్టుకుని, రెండో కొస కల్వర్టు రాయికి ముడివేశాడు. గంటలోపే వాగు రంగు మారింది. మొదట పేడ రంగు, తర్వాత ఎర్రమట్టి రంగు. మోకాలి లోతు నీళ్లు నడుము దాకా వచ్చాయి. అరగంటకోసారి ఎల్లం గట్టు కాస్త దిగి, వంగి కర్రకు కట్టిన సీసా ముంచేవాడు, కృపాదానం బత్తాయి వేసేవాడు, రజని సమయం రాసేది. నోటుబుక్కు తడవకుండా చుట్టిన ప్లాస్టిక్ కవరు లోపలే వేళ్లు కదిలించి పెన్సిల్‌తో రాయాల్సి వచ్చింది. ఒకసారి ఎల్లం కాలు జారి నీళ్లలో పడ్డాడు. తాడు బిగుసుకుంది. రజని నోటుబుక్కు వదిలేసి రెండు చేతులతో తాడు పట్టుకుని లాగింది. అతను గోడ అంచు దొరకబుచ్చుకుని పైకి వచ్చి, దగ్గి, ఊపిరి పీల్చుకుని మొదట అడిగింది "సీసా ఉన్నదా?" అని.

సీసా కర్రకే ఉంది. అయినా ఆ తర్వాత రజని అతన్ని గట్టు దిగనివ్వలేదు.

ఆరు గంటలపాటు అలా పన్నెండు సీసాలు పట్టారు. మర్నాడు ల్యాబ్‌లో వాటిని పరీక్షించి, హెచ్చుతగ్గులన్నీ కలిపి సగటు కట్టింది. సెకనుకు మూడు వేల లీటర్ల నీళ్లు. లీటరుకు ఒకటి పాయింట్ రెండు మిల్లీగ్రాముల భాస్వరం. నాలా నీళ్లతో పోలిస్తే మూడోవంతు గాఢత. కానీ ఆ ఆరు గంటల్లో చెరువులోకి దిగింది డెబ్బై ఏడు కిలోలు.

నాలా అంత తేవాలంటే నలభై నాలుగు రోజులు పడుతుంది.

రజని అక్కడితో ఆగలేదు. ఆగాలనిపించింది, కానీ చేయి ఆగలేదు. బండలు తీశాక నాలాలో తగ్గింది పాయింట్ ఆరు కదా. అంటే ధోబీఘాట్ వాటా అంతే. సెకనుకు ఆరు లీటర్ల చొప్పున గుణించింది. రోజుకు మూడు వందల పదకొండు గ్రాములు. ఆ ఒక్క వాన ఆరు గంటల్లో తెచ్చినంత తేవాలంటే పదకొండు కుటుంబాలు రెండు వందల యాభై రోజులు బట్టలుతకాలి.

పెన్సిల్ కింద పెట్టింది. ల్యాబ్‌కు విద్యార్థులు వచ్చారు, ప్రయోగాలు చేసుకున్నారు, వెళ్లిపోయారు. ఆ రోజు వాళ్లకు ఏం చెప్పిందో ఆమెకు గుర్తులేదు.

తర్వాతి రెండు వానల్లో ఎగువకు వెళ్లి మూడు చోట్ల నీళ్లు పట్టింది. వాగు తెచ్చేదాంట్లో సగం చాలా పైనుంచి, రెండు వందల మంది రైతుల పొలాల్లో వేసిన ఎరువుల నుంచి వస్తోంది. మిగతా సగం ఒక్కచోట, కిలోమీటరు లోపల పెరుగుతోంది. ఆ కిలోమీటరులో ఉన్నవి అమరేందర్ కోళ్ల ఫారాలు. కోళ్ల ఎరువు వాగు ఒడ్డునే కుప్పలు పోసి ఉంది.

కమిటీకి చెప్పడం కంటే ముందు రజని ఆగమ్మ దగ్గరికి వెళ్లింది. ఆగమ్మ ఇస్త్రీ పెట్టెలోని బొగ్గులు ఊదుతోంది.

"పెద్దమ్మా, నేను రాసింది తప్పయింది. చెరువు ఖరాబయింది మీ బండల తోని కాదు."

ఆగమ్మ ఒక చొక్కా తీసి పరిచి, కాలరు సవరించి, ఇస్త్రీ చేయడం మొదలుపెట్టింది. మొత్తం చొక్కా అయ్యాక అడిగింది.

"గిప్పుడు తెలిసిందా?"

"గిప్పుడే కొలిచిన."

"అప్పుడు కొలవకుండనే రాసినవా?"

రజని తల ఊపింది.

"మా అత్త ఆ బండ మీద ఉతికింది. నేను ముప్పై ఆరేండ్లు ఉతికిన. నువ్వు ఒక సీసెడు నీళ్లు పట్టినవ్." ఆగమ్మ గొంతు పెరగలేదు. "నాకు ఒక్కదానికే చెప్తున్నవా, అందరి ముంగట చెప్తవా?"

"అందరి ముంగట చెప్త. శుక్రవారం కమిటీ మీటింగున్నది. నువ్వు గూడ రా పెద్దమ్మా."

"నేనెందుకు రావాలె? బండలు పీకెటప్పుడు నన్ను పిలిచిండ్రా?" అని ఇంకో చొక్కా అందుకుంది.

శుక్రవారం చేపల సొసైటీ గదిలో పదిహేను మంది కూర్చున్నారు. అమరేందర్ కుటుంబం రేగోడ్ వైపు నుంచి వచ్చి మెదక్‌లో స్థిరపడింది. భూములు, ఫారాలు, రాజకీయాల్లో కొంత పలుకుబడి. చెరువు మీద ఆయన ప్రేమ మాత్రం నటన కాదు. ఈత నేర్చుకున్నది అందులోనే. పోయినేడు చచ్చిన చేపలు ఏరడానికి పంచె ఎగ్గట్టి దిగిన వాళ్లలో ఆయనా ఉన్నాడు. ఆ సంగతి తెలుసు కాబట్టే రజనికి నోరు పెగలడం కష్టమైంది.

"మొదలు నా తప్పు చెప్త," అంది. "పోయినేడు నేను రాసిన అంకెలు సరైనవే. వాటి కింద రాసిన మాట తప్పు. నీళ్లు ఎన్నొస్తున్నయో కొలవకుండ రాసిన. ఆ మాట తోని పదకొండిండ్ల పని పోయింది."

తర్వాత మిగతాది చెప్పింది. బత్తాయిల సంగతి, ఆరు గంటల వాన, డెబ్బై ఏడు కిలోలు. అమరేందర్ మొదట నవ్వాడు.

"మొన్న నాలా అంటివి. ఇయ్యాల వాగంటున్నవ్. రేపు మొగులంటవా?"

కొందరు నవ్వారు. రజని నవ్వు ఆగేదాకా ఉండి చెప్పింది.

"కొలిస్తె ఏదొస్తె అదే చెప్త సార్."

"వాగు పొంటి ఎంతమంది రైతులున్నరో ఎర్కేనా? వాళ్లందర్ని దొంగల్ని చేస్తవా?"

"దొంగలంటలేను. పొలాల నుంచి వచ్చేదాంట్ల ఎవరిదెంతనో నాకు తెల్వది. తెలిసింది ఒక్కటే. మీ ఫారాల పైన ఒక సీసా పట్టిన, కింద ఒక సీసా పట్టిన. ఆ నడుమ రెండింతలైతుంది. ఒడ్డు మీద పోసిన ఎరువు వానకు వాగులకు దిగుతుంది."

ఇప్పుడు ఎవరూ నవ్వలేదు. అమరేందర్ ముఖం గట్టిపడింది. ఈమెను పరీక్ష చేయమని అడిగింది తనే అన్న సంగతి ఆయనకు గుర్తొచ్చి ఉంటుంది.

"నా మాట నమ్మకుండ్రి సార్," అంది రజని. "పోయినసారి నమ్మిండ్రు, ఏమైందో చూసిండ్రు. వచ్చే వానకు మీరే వచ్చి కొలువుండ్రి."

ఆయన లేచి వెళ్లిపోయాడు. వస్తాడని ఎల్లం కూడా అనుకోలేదు.

సెప్టెంబరు రెండో వారంలో వాన పట్టినప్పుడు కల్వర్టు దగ్గర కారు ఆగింది. అమరేందర్ దిగి, "ఏడ ఏయాలె?" అని అడిగి కృపాదానం చేతిలోంచి బత్తాయి తీసుకున్నాడు. మొదటిసారి సమయం చూసి నమ్మకం కుదరక ఇంకోటి వేశాడు. తర్వాత మూడోది. ఆ తర్వాత వాగు వెంట ఎగువకు నడిచాడు. రజని కాస్త దూరంగా వెనకే వెళ్లింది. ఫారాల దగ్గర ఎరువు కుప్పల అడుగు నుంచి చాయ్ రంగు నీళ్లు నాలుగైదు పాయలుగా వాగులోకి దిగుతున్నాయి. ఆయన గొడుగు పట్టుకుని చాలాసేపు అక్కడ నిలబడ్డాడు.

"నాలుగేండ్ల సంది ఈడనే పోస్తున్నం," అన్నాడు చివరికి. "వానల వచ్చి ఎన్నడు చూడలే."

కొలవకుండా రాసినదానికీ, చూడకుండా పోసినదానికీ పెద్ద తేడా ఏముందని రజనికి అనిపించింది. ఆ మాట పైకి అనే చనువు లేదు.

దసరాకు ముందే ఎరువు కుప్పలు మెరక మీదికి, రేకుల కిందికి మారాయి. అమరేందర్ కమిటీ పేరున పాత రిపోర్టును సవరిస్తూ ఉత్తరం తయారు చేయించి, సంతకం పెట్టి, పైకి పంపాడు. దాని ప్రతి ఒకటి తీసుకెళ్లి ఆగమ్మకు ఇవ్వమని రజని అడిగితే మాత్రం, "నువ్వే పోయి ఇయ్యమ్మా," అన్నాడు, ఆమె కళ్లలోకి చూడకుండా.

రజని వెళ్లేసరికి ఆదివారం కావడంతో పరమేశ్ ఇంట్లోనే ఉన్నాడు. ఆగమ్మ మిగతా పది ఇళ్లకూ కబురు చేసింది. వాకిట్లో అందరూ చేరాక, "ఇగ సదువు," అంది.

రజని చదివింది. భాష ఆఫీసు భాష. గాఢత, ప్రవాహం, పరిమాణం. ఎవరికి ఎంత అర్థమైందో తెలియదు. చివర్లో తను పట్టుబట్టి చేర్పించిన వాక్యం వచ్చింది: "ధోబీఘాట్ వల్ల చెరువు పాడైందన్న అభిప్రాయం తప్పు. ఆ తప్పు పరీక్ష చేసినవారిదే గాని, అక్కడ పనిచేసుకునే వారిది కాదు."

"అది మళ్ల సదువు," అంది ఆగమ్మ.

రజని మళ్లీ చదివింది. ఆగమ్మ ఆ కాగితం తీసుకుని, మడిచి, కొడుకు చేతికిచ్చి లోపల పెట్టమంది. రజనిని కూర్చోమనలేదు. కానీ వాకిలి దాటేటప్పుడు వెనకనుంచి, "పైలంగ పో, బురదున్నది," అంది.

బండలు మళ్లీ రావడానికి జనవరి దాకా పట్టింది. పదకొండు కాదు, ఆరే. మంచినీళ్లకు నల్లా పెట్టి, ఉతికిన నీళ్లు ముందుగా గుంతలో తేరుకునేలా కట్టారు. పరమేశ్ తిరిగి రాలేదు. చేగుంటలో పని కుదురుకుంది, మళ్లీ ఎవరో ఒకరు కాగితం రాస్తే ఏం చేయాలని అన్నాడట. అందులో తప్పు పట్టడానికి రజనికి ఏమీ దొరకలేదు.

మార్చిలో ఎల్లంతో కలిసి ఆమె చెరువుకట్ట మీద నాలుగు పొద్దులు తిరిగింది. చేపలు ఆ ఏడూ చచ్చాయి. సగం కంటే తక్కువ. "తగ్గినయ్, గానీ ఇంక సస్తున్నయ్," అన్నాడు ఎల్లం. చెరువు అడుగున ఏళ్లకేళ్లు పేరుకున్నది ఒక్క ఏడులో పోదని ఆమె చెప్పింది. వాగు పైనున్న పొలాల సంగతి ఇంకా అలాగే ఉంది. రెండు వందల మంది. ఆ వారమే ఒక రైతు తన పొలం చివర వాననీళ్లు పరీక్షకు పట్టుకోనివ్వడానికి ఒప్పుకున్నాడు. వాన మొదలయ్యేలోపు ఇంకో పదిమందినైనా అడగాలనుకుంటూ రజని కట్ట దిగి వాగు వైపు నడిచింది.